చుట్టాల్లేని ఊరు

మేం నలుగురం ఏటా మే నెలలో ఒకరోజు పొద్దున్నే రైలెక్కి ఏదో ఒక ఊరు పోయి, ఆ ఊళ్ళో తాగే చోట్లన్నీ వరసబెట్టి తిరిగి, సాయంత్రం బండికి గుంటూరు వచ్చేసేవాళ్ళం. దానికి తీర్థయాత్ర అని పేరు పెట్టుకున్నాం. తీర్థం ఉంది, యాత్ర ఉంది, పుణ్యం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. ఎనభైల్లో మాట. వేసవిలో మిర్చి యార్డు మూసేవారు, బడులు మూసేవారు. తెరిచి ఉండేవి సారా కొట్లు, మా నోళ్ళు.

నలుగురిలో పెద్ద డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు లేని రోజు కూడా మాటలో ఉండేది. రెండోవాడు మిర్చి యార్డులో గుమాస్తా, నా ఈడువాడు. మూడో ఆయన దర్జీ భాయ్. భాయ్ చుక్క ముట్టడు. రైలెక్కడం, తినడం, మమ్మల్ని లెక్కపెట్టి వెనక్కి తేవడం అతని వంతు. నాలుగోవాణ్ణి నేను. ఒక మిషన్ బడిలో తెలుగు చెప్పేవాణ్ణి, రెండేళ్ళుగా టెంపరరీ.

యాత్రకి నియమం ఒకటే. వెళ్ళే ఊళ్ళో మాలో ఎవరికీ చుట్టం ఉండకూడదు. చెప్పినంత తేలిక కాదు. మా వైపు ఇద్దరు మనుషులు పావుగంట మాట్లాడుకుంటే ఏదో ఒక వరస తేలుతుంది. నేను చెప్పబోయే యాత్రకి ముందు ఏడాది ఊరు ఎంచే వంతు గుమాస్తాది. చీరాల అన్నాడు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టామో లేదో "అల్లుడూ!" అని కేక. వాళ్ళావిడకి చిన్నాన్నట. నాలుగు చోట్ల తాగాల్సినవాళ్ళం ఒకేచోట కూర్చుని నాలుగు చెంబుల మజ్జిగ తాగి వచ్చాం. ఏడాది పొడుగునా వాడి పేరు మజ్జిగే.

ఈసారి వంతు నాది. దర్జీ కొట్లో రైల్వే టైంటేబులు ముందేసుకుని కూర్చున్నాను.

"తెనాలి?"

"స్టేషనుకి ఎదురుగానే మా మామగారిల్లు" అన్నారు డ్రిల్లు మాస్టారు. "కిటికీలోంచి బండి దిగేవాళ్ళని చూడ్డమే ఆయన ఉద్యోగం."

"పొన్నూరు?"

"బియ్యం కొట్లలో మా బాబాయిలు ముగ్గురున్నార్రా" అన్నాడు గుమాస్తా.

"స్టేషను నిడుబ్రోలు గదరా."

"స్టేషను పేరు మారితే బాబాయిలు మారతారేంట్రా?"

సత్తెనపల్లి భాయ్ అత్తారిల్లు. దాచేపల్లి అంటే, సిమెంటు దుమ్ము తాగడానికి అంత దూరం దేనికన్నారు. దర్శి అన్నాను. "రైలుందా?" "లేదు." "మరి నువ్వు మోసుకెళ్తావా?" నరసరావుపేటలో మా పెద్దమ్మ. ఒంగోల్లో ఎవరెవరో, లెక్క తేలక వదిలేశాం.

"వినుకొండ" అన్నాను.

భాయ్ కత్తెర ఆపి మా మొహాలు చూశాడు. గుమాస్తా వేళ్ళ మీద ఏవో వరసలు వెతికి, చేతులు దులుపుకున్నాడు. వినుకొండలో ఎవరికీ ఎవరూ లేరు! వచ్చే శనివారం, పొద్దుటి పాసింజరు.

నా ఒక్కడికే ఇంకో భయం ఉంది. మా బడిలో తాగుతాడని తెలిస్తే ఉద్యోగం ఉండదు. అది రాసిపెట్టిన రూలు కాదు, రాయనక్కర్లేనంత గట్టి రూలు. బడికి కరస్పాండెంటు పాస్టరుగారే. జూన్‌లో కమిటీ కూర్చుని నన్ను పర్మనెంటు చెయ్యాలో ఇంటికి పంపాలో తేలుస్తుంది. వినుకొండలో నాకు చుట్టాలు లేకపోవచ్చు. మా హాస్టలు పిల్లలుంటే? బడి ఉన్నన్నాళ్ళూ అందరూ ఒక్కచోట ఉంటారు. వేసవిలోనే కదా ఊళ్ళమీదికి పోయేది! ఏ ఊరి సారా కొట్టు ముందు ఏ బిడ్డ తండ్రి "వందనాలు మాస్టారూ" అంటాడో ఎవరికి తెలుసు?

ఏ పిల్ల ఏ ఊరిదో రాసిన రిజిస్టరు పాస్టరుగారి బీరువాలో ఉంటుంది. వెళ్ళి అడిగాను. నా జన్మలో నేను చూపిన జాగ్రత్తలన్నిట్లోకీ పెద్ద జాగ్రత్త అదే.

"అయ్యగారూ, మన హాస్టలు పిల్లలు ఏయే ఊళ్ళ నుంచి వస్తున్నారండీ?"

"ఎందుకు నాయనా?"

ఎందుకో ఆలోచించుకుని రాలేదు. "అంటే... ఎక్కడ నుంచి రావట్లేదో తెలిస్తే... అడ్మిషన్లకి..."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను కొత్తగా చూశారు. "ఏ మాస్టారూ ఇంతవరకు ఈ మాట అడగలేదయ్యా" అని, తనే లేచి రిజిస్టరు తెచ్చి, వేలు పెట్టి పేజీలన్నీ చూసుకొచ్చారు. "మనకి సంఘం ఉన్న ఊళ్ళలో వినుకొండ నుంచి ఒక్క బిడ్డ కూడా లేదు."

నా ప్రాణం లేచొచ్చింది. "అయితే వినుకొండేనండీ" అని పైకే అనేశాను.

"మంచిది. ఎప్పుడు వెళ్తావు?"

అప్పటికే ఒక అబద్ధం ఆడి నా నాలుక అలిసిపోయినట్టుంది. "శనివారం పొద్దుటి బండికండీ" అని నిజం చెప్పేసింది.

ఆయన అక్కడికక్కడే కార్డు తీసి వినుకొండ సంఘంలో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారికి రాశారు. శనివారం బండికి మన మాస్టారు వస్తున్నారు, పిల్లలున్న కుటుంబాలన్నిటినీ కూర్చండి, స్టేషనుకి ఎదురెళ్ళండి అని. రాసి, ఇంకు ఆరడానికి ఊదుతూ, "కమిటీలో నీ విషయం నేనే ఎత్తుతాను" అన్నారు.

నన్నెరిగినవాడు ఒక్కడూ లేని ఊరు ఏరికోరి ఎంచుకుని, ఆ ఊళ్ళో అందరినీ నా కోసం స్టేషనుకి రప్పించుకున్నాను. వినుకొండ. పేరులోనే వినడం ఉంది, నాకే తట్టలేదు.

గురువారం సాయంత్రం దర్జీ కొట్లో మెల్లగా కదిపాను. "మాచర్ల ఎలా ఉంటుందంటారు?"

"ఒరేయ్!" గుమాస్తా స్టూలు మీంచి లేచాడు. "తాటితోపు పక్కన కల్లుపాక, స్టేషను రోడ్డులో బ్రాందీ షాపు, మిలటరీ హోటల్లో వెనక గది, అన్నీ కనుక్కుని వచ్చాను. ఇప్పుడు మాచర్లంటే తంతా."

"ఊరు ఎంచాక మార్చడం లేదబ్బాయ్" అన్నారు డ్రిల్లు మాస్టారు. "ఏం, వినుకొండలో చుట్టం మొలిచాడా?"

"లేదండీ."

నిజమే. చుట్టం ఒక్కడూ లేడు. కానీ నోరు విప్పితే నాకూ ఒక పేరు పెడతారు. బడిలో టెంపరరీనే, వీళ్ళలోనూ నేను వచ్చి రెండేళ్ళే. రెండు చోట్లా పర్మనెంటు కావాలన్నది నా ఆశ.

శనివారం బండెక్కాం. కిటికీ ఊచలు అప్పుడే చురుక్కుమంటున్నాయి. బయట నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. పీకేసిన పత్తి కట్టె గట్ల మీద కుప్పలుగా పడి ఉంది. ఫిరంగిపురం రాగానే చెప్పేద్దామనుకున్నాను. ఫిరంగిపురం వచ్చింది, పోయింది. నరసరావుపేటలో చెబుదామంటే అక్కడే భాయ్ కారియరు విప్పాడు. వాళ్ళావిడ చేసిన కైమా. ముగ్గురూ తింటుంటే ఆ సంతోషం పాడుచెయ్యబుద్ధి కాలేదు.

"ఏరా, ముద్ద మింగవేం?" అన్నాడు గుమాస్తా. "పొట్టలో చోటు దాచుకుంటున్నావా?"

సావల్యాపురం దాటాక చెప్పాను. రిజిస్టరు, కార్డు, ఉపదేశి, కమిటీ, అన్నీ ఒకే ఊపిరిలో.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమాస్తా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి పొలమారింది. "నేను ఎంచిన ఊళ్ళో మా పినమామ ఒక్కడేరా ఎదురొచ్చింది! నువ్వు సంఘాన్ని మొత్తం దింపావు గదరా! నాది మజ్జిగైతే నీది తిరణాల!"

డ్రిల్లు మాస్టారు నవ్వలేదు. "ఉద్యోగం పోతుందా?"

"పోతుందండీ. చూస్తే పోతుంది."

ఆయన డ్రిల్లు గొంతు తెచ్చుకున్నారు. "సరే. బండి దిగాక మేమెవరో నీకు తెలీదు, నువ్వెవరో మాకు తెలీదు. నీ పని నువ్వు చూసుకో. సాయంత్రం బండిలో నువ్వు వేరే పెట్టెక్కు. సావల్యాపురంలో దిగి మా పెట్టెలోకి రా. నీ వాటా సీసా అట్టే పెడతాం."

"మాస్టారూ..."

"ఏడవమాక. మొహం కడుక్కో."

వినుకొండ ప్లాట్‌ఫారం మీద పాతికమంది దాకా ఉన్నారు. ముందు తెల్లచొక్కా వేసుకున్న ఉపదేశిగారు, ఆయన చేతిలో బంతిపూల దండ. నేను దిగి ఎవరినీ చూడకుండా వాళ్ళవైపు నడిచాను. నా పక్కనుంచే మావాళ్ళు ముగ్గురూ పరాయివాళ్ళలా వెళ్ళిపోయారు. భాయ్ మాత్రం ఆగలేకపోయాడు. "సార్, మీ కాలరు మడతపడింది" అని, సర్ది మరీ పోయాడు.

చర్చి పక్కన తాటాకు పందిరి కింద నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు చాపల మీద కూర్చున్నారు. చాలామంది మిరప కోతలకీ పత్తి తీతకీ వెళ్ళేవాళ్ళు. ఒకామె తన కూతుర్ని నా ముందుకి తోసి, "మీరు కొట్టినా పర్లేదండి, దీని చేతులు మాత్రం నా చేతుల్లా కాకూడదు" అని అరచేతులు చూపించింది. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్ళ చివర్లు మండి, తోలు లేచి ఉన్నాయి. నా దగ్గర సిద్ధం చేసుకున్న మాటలేమీ లేవు. అయినా చెప్పాను. బడి గురించి, హాస్టలు అన్నం గురించి, చదువుకుంటే ఏమవుతుందో. చెబుతుంటే అందరూ తలలూపారు. ప్రతి వాక్యం చివరా "అవును మాస్టారుగారూ" అన్నారు. ఎవరైనా నన్ను అన్నిసార్లు గారూ అనడం అదే మొదటిసారి. మధ్యాహ్నానికి తొమ్మిదిమంది పిల్లల పేర్లు రాసుకున్నాను. చుక్క తాగకుండానే నాకు బాగా ఎక్కింది.

సాయంత్రం అందరూ స్టేషనుకి సాగనంపడానికి వచ్చారు. ఉపదేశిగారి చేతిలో నాకోసం దోసకాయల సంచీ. బండి ఇంకా రాలేదు. పొద్దు వాలినా ప్లాట్‌ఫారం బండలు కాలుతూనే ఉన్నాయి.

కుళాయి దగ్గర మావాళ్ళున్నారు. డ్రిల్లు మాస్టారు కింద చతికిలబడి ఉన్నారు. ఒక కాలికి చెప్పు లేదు, చొక్కా ముందంతా తడిసి ఉంది. గుమాస్తా ఆయన భుజమ్మీద తల పెట్టి ఏదో పాడుతున్నాడు. భాయ్ జేబురుమాలు తడిపి ఆయన మెడ తుడుస్తున్నాడు. వాళ్ళని చూడకూడదనుకున్నాను. ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలుస్తారేమోనని ఉపదేశిగారికి అటు పక్కకి జరిగాను. ఎవరూ పిలవలేదు. అంత తాగినా మాట తప్పలేదు.

"పాపం, పెద్దాయనలా ఉన్నాడు" అన్నాడు ఒక తండ్రి. "పొద్దున మీ బండిలోనే దిగారు గదండీ. తెలుసా మీకు?"

తెలీదండీ అంటే సరిపోయేది. అనుకున్నది అంతే. కానీ పాతికమంది నా మొహం వంక చూస్తున్నారు. పొద్దుట్నుంచీ చెప్పినట్టే ఇప్పుడూ ఏదో చెబుతానని చూస్తున్నారు. నా గొంతు దానంతటదే పందిట్లో గొంతయింది.

"చూడండి" అన్నాను, వేలెత్తి. "మన పిల్లలు రేపు ఇలా రోడ్డుపక్కన పడకూడదనే చదివించమంటున్నాను. ఈయనకి చిన్నప్పుడు నాలుగక్షరాలు చెప్పినవాళ్ళుంటే ఈ గతి పట్టేదా?"

"నిజం మాస్టారుగారూ" అన్నారు. మిరపకాయల చేతులామె కూతురి తల తనవైపు తిప్పుకుని "విన్నావా?" అంది.

డ్రిల్లు మాస్టారు తలెత్తి చూశారు. కోపం లేదు. నన్ను ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో గుర్తురావట్లేదన్నట్టు చూసి, మళ్ళీ తల దించుకున్నారు. గుమాస్తా పాట ఆగిపోయింది.

సావల్యాపురంలో దిగి, సంచీ పట్టుకుని వాళ్ళ పెట్టెలోకి పరిగెత్తాను. ముగ్గురూ కిటికీ పక్క కూర్చుని ఉన్నారు. నన్ను చూసి డ్రిల్లు మాస్టారు కాళ్ళు ముడుచుకున్నారు.

"కూర్చోండి" అన్నారు.

ఎప్పుడూ కూర్చోరా అనే మనిషి. నేను గుమాస్తా వైపు చూశాను. పొద్దున తిరణాల అని అంత నవ్వినవాడు ఒక్క మాట అంటే బావుణ్ణు, కాలెత్తి తన్నినా బావుణ్ణు. వాడు బయట పొలాలు చూస్తున్నాడు.

"మాస్టారూ, నేను... అక్కడ అందరూ చూస్తున్నారని..."

"ఉద్యోగం నిలిచిందిగా?" అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది. "అదే కావలసింది."

భాయ్ సీటు కిందనుంచి సీసా తీసి నా పక్కన పెట్టాడు. నా వాటా. మూత కూడా తియ్యలేదు. గుంటూరు వచ్చేదాకా అది బండి ఊపుకి నా తొడకి తగులుతూనే ఉంది.

జూన్‌లో కమిటీ కూర్చుంది. నన్ను పర్మనెంటు చేశారు. పాస్టరుగారు నా భుజం తట్టి, నా సంగతి వినుకొండలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారన్నారు. ఆ తొమ్మిదిమందిలో ఏడుగురు బడికొచ్చారు. తొడిమల చేతులామె కూతురు పదో తరగతిదాకా నా దగ్గరే చదివింది. అవన్నీ జరిగినవే, వాటి మంచి వాటిదే.

ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రం లడ్డూలు కొనుక్కుని దర్జీ కొట్టుకి వెళ్ళాను. ముగ్గురూ ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. గుమాస్తా లడ్డూ తీసుకుని, "చాలా సంతోషమండీ" అన్నాడు. నిజంగానే సంతోషించాడు, మొహంలో తెలుస్తూనే ఉంది. నాకు స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చున్నాక గానీ వాళ్ళు కూర్చోలేదు. ఆ తర్వాత ఎండల గురించి మాట్లాడుకున్నాం.

మరుసటి మే నెలలో వాళ్ళు వెళ్ళొచ్చిన సంగతి నాకు వారం తర్వాత తెలిసింది, చొక్కా కొలతలివ్వడానికి వెళితే. ఊరు ఎంచే వంతు భాయ్‌దట. ఏ ఊరని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే.