ఎర్రగీత మీద ముల్లు

నదిలో పూడిక తీసే డ్రెడ్జర్ మీద పంపు మేస్త్రీది ఇరవై ఆరేళ్ల సర్వీసు. పంపు ఎంత వేగంతో తిరగాలో ఆయన మీటరు చూసి చెప్పేవాడు కాదు, ఇసుకను ఒడ్డుకు మోసే పైపు మీద అరచెయ్యి ఆనించి తేల్చేవాడు. సన్న ఇసుకకు తక్కువ వేగం చాలు. గులకరాళ్లు తగిలితే పెంచాలి, లేకపోతే అవి పైపు అడుగున కూర్చుని దారి మూసేస్తాయి. ఇంతే విద్య. ఈ కాస్త విద్యా కొత్త ఇంజనీరు తలకెక్కలేదు.

ఆయన వచ్చీ రాగానే ఉత్త నీళ్లు తోడించి, ఇంత వేగం చాలని లెక్కకట్టి, మీటరు మీద ఎర్రరంగుతో గీత గీశాడు. డీజిలు ఆదా అట! ముల్లు గీత దాటిందంటే మేస్త్రీని పంపు వేగం మార్చే లివరు దగ్గర్నుంచి తీసేసి ఒడ్డున స్టోరులో కూర్చోబెడతానన్నాడు.

"రాళ్లొస్తే ఈ వేగం చాలదు సార్" అని మేస్త్రీ నెత్తీ నోరూ బాదుకున్నాడు. వింటేగా!

మంగళవారం రాళ్లు తగిలాయి. అరచేతి కింద, పైపులో రాళ్లు దొర్లే టకటక మందగించింది. మేస్త్రీ కాసేపు గింజుకుని, ఇక లాభం లేదని లివరు పైకి తోశాడు. పైపు తేరుకుంది. సరిగ్గా అప్పుడే ఇంజనీరు మెట్లెక్కి వచ్చాడు. ముల్లు చూశాడు గానీ పైపు వంక చూడలేదు.

సాయంత్రానికల్లా మేస్త్రీ స్టోరులో ఉన్నాడు.

"ఆయన చెప్పినట్టు చేసి ఊరుకోవచ్చుగా?" అంది ఆ రాత్రి ఇంట్లో భార్య.

"నేను ఊరుకుంటానే, పైపు ఊరుకోదే!" అని కసురుకున్నాడు. పాపం, మధ్యలో ఆవిడేం చేసింది?

స్టోరు గోడ వెనకే ఆ పైపు. మూడోరోజు ఏమీ తోచక దాని మీద చెయ్యి వేశాడు. టకటక తగ్గిపోతోంది. లోపలికి పరుగెత్తి ఫోను చేశాడు.

"వేగం పెంచండి సార్, రాళ్లు కూర్చుంటున్నాయి!"

"నువ్వు స్టోరు చూసుకో" అని పెట్టేశాడు ఇంజనీరు.

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. మళ్లీ వెళ్లి చెయ్యి పెడితే పైపులో ఉలుకూ పలుకూ లేదు. తిరిగొచ్చి, పైపులు విప్పే స్పానర్లూ సుత్తులూ తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

పావుగంటకు ఇంజనీరు చెమటలు కక్కుకుంటూ వచ్చి, బల్ల చూసి ఆగిపోయాడు.

"నీకెలా తెలుసు?"

"గోడ వెనకే ఉంది సార్ పైపు. చెయ్యి పెడితే ఎవరికైనా చెబుతుంది."

ఇంజనీరు రిజిస్టరులో సంతకం పెట్టి, స్పానర్లు తీసుకుని వెళ్లాడు. మేస్త్రీని మాత్రం రమ్మనలేదు.