లాగే చెయ్యి

పతంగి విషయంలో నాకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదని నా నమ్మకం. రెజిమెంటల్ బజార్‌లో మా పుట్టింటి మిద్దె మీద అన్నల పక్కన నిలబడి పేంచ్ వేసి ఎదుటివాళ్ళ పతంగులు కోసినదాన్ని. రెండు దారాలు మెలిపడితే మా ఇంట్లో ఒకటే పద్ధతి, లాగడం. దారం వదిలి ఆడేవాళ్ళను మా అన్నలు పిరికివాళ్ళనేవారు. పెళ్ళయ్యాక అత్తవారింటి మిద్దె మీదా అలాగే ఆడాను. వీధంతా తలెత్తి చూసేది.

మా తోటికోడలు కాకినాడ పిల్ల. తను పతంగి ఎగరేసి ఎరగదు. నేను ఆడుతుంటే వెనక దారం చుట్టిన చరఖా పట్టుకుని అందించేది, అంతే. అలాంటిది, పతంగి పట్టుకుని నీళ్ళ మీద జారే కైట్ సర్ఫింగ్ నేర్పుతున్నారట, వెళ్దాం రండక్కా అని నన్ను బయలుదేరదీసింది తనే. ఆదివారాలు నేరేడ్‌మెట్‌లో ఓ గ్రౌండ్‌లో చిన్న గుడ్డ పతంగితో సాధన. అది పట్టుబడినవాళ్ళనే రామేశ్వరం సముద్రానికి తీసుకెళ్తారు. నాకిదో లెక్కా అనుకున్నాను.

మొదటి రోజే గాలి విసురుగా రాగానే పతంగి దారాలు కట్టిన చేతిలోని బార్‌ను లాగాను. ఈ మాయదారి పతంగి లాగేకొద్దీ బలం పుంజుకుంటుంది. నన్ను మట్టిలో ఈడ్చుకుపోయింది. పడిపోకుండా నా నడుము బెల్టు పట్టుకున్న తోటికోడలు కూడా నాతోపాటే పడింది.

"గుంజకుండ్రి మేడం," అన్నాడు నేర్పే ఆయన. "పరేషాన్ అయితె బార్ ఇడిచిపెట్టుండ్రి. మణికట్టుకు తాడుంది, పతంగి యాడికీ పోదు."

ఆయన చెప్పడం, నేను తలూపడం, గాలి రావడం, నేను లాగడం. తోటికోడలు మాత్రం గాలి ఎక్కువైతే "అమ్మో" అని చేతులు వదిలేసేది. పతంగి బుద్ధిగా కిందికి దిగేది. "గిట్ల చెయ్యాలె," అని ఆయన అందరికీ తననే చూపించేవాడు. నా ఒళ్ళు మండిపోయేది. భయపడి వదిలేయడం కూడా ఒక విద్యేనా? ఆమె వంతు వచ్చినప్పుడు వెనక బెల్టు పట్టుకున్నానే గాని, ఒక్కసారి పడితే బాగుండునని లోపల కోరుకున్నాను. పడలేదు.

వారాలు గడిచాయి. మోచేతులు దోక్కుపోయి ఓ ఆదివారం గ్రౌండ్‌లోనే చతికిలబడ్డాను. "నాతోని కాదు. ఇగ నువ్వే పో సముద్రానికి," అన్నాను.

"పోనీలెండక్కా, ఫోటోలు పంపుతాగా," అంది నెమ్మదిగా.

ఆ ఫోటోలు మా అత్తగారు చుట్టాలందరికీ చూపిస్తున్నట్టు కళ్ళముందు కదిలింది. పట్టుదల అని గొప్పలు పోను గాని, ఆ పూట నన్ను లేపి నిలబెట్టింది అచ్చమైన కుళ్ళు.

మరుసటి ఆదివారం గాలి జోరుగా ఉంది. పతంగి ఒక్క గుంజు గుంజగానే నా వేళ్ళు బిగుసుకున్నాయి. లాగమని చెయ్యి కొట్టుకుంటోంది. అన్నలు చూస్తే నవ్వుతారు, నవ్వనీ అనుకుని, పళ్ళు కొరుక్కుంటూ వదిలేశాను. పతంగి ముడుచుకుని నేల మీద వాలింది. నేను నిలబడే ఉన్నాను. మళ్ళీ ఎగరేశాను, మళ్ళీ వదిలాను.

"బస్, అయిపాయె. ఇగ ఇద్దరూ రావొచ్చు సముద్రానికి," అన్నాడాయన.

గెలిచిన మొహంతో వెనక్కి తిరిగాను. తోటికోడలు ఇంకా నా బెల్టు పట్టుకునే ఉంది. కళ్ళలో నీళ్ళు. సంతోషమేమో అనుకున్నాను.

"మీకు రాదనుకున్నానక్కా," అంది. "మిద్దె మీద వీధంతా మిమ్మల్నే చూస్తుంటే, ఆ చరఖా పట్టుకుని మీ వెనకాల నిలబడేదాన్ని. ఈ ఒక్కటన్నా నాకే ఉంటుందనుకున్నా."

ఆమె కూడా నన్ను చూసి కుళ్ళుకుంటుందని నాకేనాడూ తట్టలేదు. బెల్టు విప్పి ఆమె నడుముకు కట్టాను.

"ఎగిరెయ్యి, నేను పట్టుకుంట," అన్నాను.

నాలో కుళ్ళు పోయిందని అనను. బెల్టు మాత్రం ఈసారి రెండు చేతులా పట్టుకున్నాను.