మా మేడమ్ తువ్వాలు

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను కడపలో పరీక్ష హాల్లో డ్యూటీలో ఉన్నాను. ఫోను బయట పెట్టాను కాబట్టి చివరి బెల్లు కొట్టాక గానీ తెలియలేదు. ఏడుపు రాలేదు. ఈ మధ్య దేనికీ ఓపిక మిగలడం లేదు. జవాబు పత్రాలు కట్ట కట్టి అప్పగించి, కర్నూలు బస్సెక్కాను.

ఆమె నా పీహెచ్‌డీ గైడు. కర్నూలులో మా ల్యాబులో ఎలుకల మీద, చిన్న ప్రొటీన్ ముక్కలాంటి ఒక పెప్టైడ్‌ను పరీక్షించేవాళ్లం. భయం కలిగితే మెదడులో ఒక హార్మోను ఊరుతుంది. అది పోయి కణాల మీద దాని కోసమే ఉండే రిసెప్టర్లకు తగిలితేనే ఒళ్లంతా కంగారు మొదలవుతుంది. ఈ పెప్టైడ్ ముందే పోయి ఆ చోటు ఆక్రమిస్తుంది. ఆలూరు నుంచి కొత్తగా వచ్చిన నా బుర్రకు ఇదేమీ ఎక్కలేదు.

"మీ ఊరి బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు ఏస్తారు గదప్పా, అట్ల. ఆ హార్మోను బస్సెక్కినా కూచునేదానికి సీటుండదు," అన్నారు మేడమ్.

ఆమె దగ్గరా ఒక తువ్వాలుండేది, నీలం అంచుది. ఇంజెక్షన్‌కు ముందు ఒక్కో ఎలుకనూ అందులో చుట్టి, దడ తగ్గేదాకా ఒళ్లో పెట్టుకునేవారు. నేను హడావుడి పడితే, "నీ గాబరా దానికి అంటిస్తావా ఏంది? పోయి నీళ్లు తాగి రాపో," అని కసిరేవారు.

ఆ తువ్వాలే నా కొంప ముంచింది. ఇంజెక్షన్ తర్వాత ఎలుకల్ని ఇరుకు గొట్టంలో కాసేపు ఉంచి, రక్తంలో స్ట్రెస్ హార్మోను చూడాలి. పెప్టైడ్ ఇచ్చినవి నిమ్మళంగా ఉండాలి, ఉత్త ఉప్పునీళ్లు ఇచ్చినవి భయపడాలి. తీరా చూస్తే రెండూ ఒకేలా నిమ్మళంగా ఉన్నాయి. ఫెలోషిప్ అయిపోవచ్చింది. థీసిస్ గంగలో కలిసిందనుకున్నాను. ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది.

"తప్పు నాదేనప్పా. తువ్వాల్లో చుట్టి అన్నిట్నీ శానా గారాబం చేసినా. మళ్లా చేద్దాం, ఈసారి నేను లోపలికి రాను," అన్నారు.

అన్నట్టే వరండాలో కూర్చున్నారు. గొట్టాల్లో ఎలుకలు గీరుకునే చప్పుడు అక్కడికీ వినబడే ఉంటుంది. రిపోర్టులో ఈసారి తేడా స్పష్టంగా కనబడింది. పరుగున పోయి చెప్పాను.

"మేడమ్, పెప్టైడ్ పనిచేసింది!"

"చేస్తాదిలే," అన్నారు. ల్యాబు తలుపు వైపు చూసి, "పాపం, ఉప్పునీళ్లవి శానా భయపడినాయా?" అని అడిగారు.

ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ థీసిస్ పెట్టిందే. అయినా ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంత్యక్రియలయ్యాక ల్యాబుకు వెళ్లాను. ప్రయాణానికి కాళ్లు లాగుతున్నాయి. వచ్చినవాళ్లతో నిండిన గదిలో ఖాళీగా ఉన్నది ఆమె కుర్చీ ఒక్కటే. దాని మీద నీలం అంచు తువ్వాలు మడతపెట్టి ఉంది. ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు. పక్కన నిలబడ్డాను.