గోరంట్ల గుట్టల్లో రాయి రుచి

నేను ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నప్పుడు గోరంట్ల దగ్గరి గుట్టలకు ఫీల్డ్ వర్క్‌కు వెళ్లాం. రాయిని తడిపితే అందులోని రేణువులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఎండలో తాగే నీళ్లను రాళ్ల మీద పోసే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అందరం నాలుకతోనే పని కానిచ్చేవాళ్లం.

నేను ఒక తెల్లటి రాయిని నాకి తలెత్తేసరికి, మేకలు తోలుకొస్తున్న అవ్వ ఒకామె నన్నే చూస్తోంది. దగ్గరికొచ్చి, మా సార్ వింటుండగానే అడిగింది.

"ఎన్నో నెలమ్మా నీకు? కడుపుతో ఉన్నెప్పుడు నాకూ మట్టి మిందికే పోతాండె పాణం."

"అయ్యో, నాకింకా పెళ్లే కాలేదవ్వా" అన్నాను కంగారుగా. ఆ మాటతో వ్యవహారం ఇంకా చెడింది. అవ్వ మా క్లాసు మగపిల్లలందరినీ ఒక్కొక్కరిగా చూసి, చివరికి సార్ దగ్గర ఆగింది.

"ఏమప్పా, తోడొచ్చిన పెద్దమనిషివి. నువ్వేం జేస్తాండావు ఈడ?"

సార్‌కు చెమటలు పట్టాయి. "ఇది చదువు అవ్వా. మేమంతా ఇట్లనే చూస్తాం" అంటూ నా చేతిలోని రాయి లాక్కుని తానే ఒకసారి నాకి చూపించారు.

అవ్వ ఆయన పొట్టకేసి కాసేపు చూసింది. కొంగుముడి విప్పి ఇంత చింతపండు తీసి, సగం నాకూ సగం ఆయనకూ ఇచ్చి, మేకల వెంట వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనే పిల్లల్ని ఫీల్డ్‌కు తీసుకెళ్తున్నాను. సుత్తి మరిచిపోయినా ఊరుకుంటాను గానీ, రాళ్లకని వేరే బాటిల్ నీళ్లు లేకపోతే ఆడపిల్లల్ని బస్సు ఎక్కనివ్వను. పొట్ట ఉన్న మగపిల్లలకూ మినహాయింపు లేదు.