హుఫూఫ్ వారి అల్లుడు కాబోయి

ఈ సంగతి నేనే రాసిపెట్టకపోతే, మా బంధువుల్లో ఇప్పటికే తిరుగుతున్న కథే నిజమైపోయేలా ఉంది. ఆ కథ ప్రకారం నేను చదువుకునే రోజుల్లో సౌదీ వెళ్ళి, ఖర్జూర తోటల ఆసామి ఒకాయన మనవరాలిని పెళ్ళాడబోయి, తీరా విందులో మటన్ నచ్చక సంబంధం వదులుకుని వచ్చేశాను. మొన్న ఒక జ్ఞానస్నానం విందులో మా పెదనాన్న ఈ కథను నా ఎదురుగా కూర్చుని నాకే చెప్పారు. చివర్లో "పాపం, కుర్రాడికి రాసిపెట్టిలేదు" అని నిట్టూర్చారు కూడా. ఆ కుర్రాడు నేనేనని గుర్తు చేస్తే, "నువ్వు చిన్నవాడివి, నీకు తెలియదు" అన్నారు. ఇక రాయక తప్పలేదు.

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదు. (ఇప్పుడు తెలియనివే ఎక్కువ. వయసుతో పాటు విజ్ఞానం తగ్గే జబ్బు ఏదో నాకుంది.) మా ఊరి శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువా నిండా యాత్రల పుస్తకాలుండేవి. ఎవరూ ముట్టని ఆ పుస్తకాలను నేను ఇంటర్లో మొదలుపెట్టి డిగ్రీలో రెండోసారి కూడా చదివేశాను. రోములో ఏ చర్చిలో ఏ పక్కన ఏ విగ్రహముందో, లోపలికి వెళ్ళేటప్పుడు మోచేతులు కప్పుకోవాలో అక్కర్లేదో, ఏ ట్రామెక్కి ఎక్కడ దిగాలో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. మాది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలిక కుటుంబం. మా ఊరి ఫాదర్ గారు స్వయంగా రోము వెళ్ళొచ్చినా, అక్కడి సంగతులు చెబుతూ మధ్యలో నా వైపు చూసి "అంతేనా బాబూ?" అని అడిగేవారు. ఆయన ఎగతాళి చేస్తున్నారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది.

అందుకే మా వ్యవసాయ కాలేజీలో ఆఖరి సంవత్సరం వాళ్ళకి విదేశాల్లో ఒక సెమిస్టరు అని ప్రకటించి, ఒక సీటు ఇటలీకి, ఒకటి సౌదీకి అనగానే, ఇటలీ నాదేనని అందరికన్నా ముందు నేనే నిర్ణయించేశాను. ఉన్ని స్వెటర్లు, చెవులు మూసే టోపీ కొన్నాను. "ఈ రైలు రోముకు వెళుతుందా?" అని ఇటాలియన్‌లో అడగడం నేర్చుకున్నాను. వారాంతాల్లో ఏ శనివారం ఏ ఊరో పథకం వేసుకున్నాను. చివరికి ఇటలీ సీటు ద్రాక్ష తోటల మీద ప్రాజెక్టు చేసినవాడికి పోయింది. నాది డ్రిప్ ఇరిగేషన్. నీళ్ళ గురించి చదివినవాణ్ణి నీళ్ళు లేని చోటికి పంపించడం న్యాయమేనని మా ప్రిన్సిపాల్ ఓదార్చారు. ఆ స్వెటర్లతోనే సౌదీలో దిగాను. (అవి వృథా పోలేదు. మా హాస్టల్ ఏసీని తగ్గించే మీట ఎక్కడుందో సెమిస్టరు పూర్తయ్యేదాకా ఎవరికీ దొరకలేదు.)

ఇటలీ సీటు దక్కిన మావాడు ప్రతి వారాంతం ఒక యూరప్ ఊరి చర్చి మెట్ల మీద నిలబడి ఫొటో పెట్టేవాడు. నేను ఖతీఫ్ చేపల బజారులో ఫొటో దిగాను. ఇంకో వారం ఎవరో వెళుతుంటే కారెక్కి ఖఫ్జీ దాకా వెళ్ళి, కువైట్ సరిహద్దు బోర్డు పక్కన నిలబడి "యూరప్ ఇటే" అని రాసి పెట్టాను. సౌదీలో చర్చిలు లేవు. నా వీసా మీద ఒకసారి బయటికెళితే మళ్ళీ లోపలికి రావడం కుదరదు కాబట్టి, వంతెన దాటి బహ్రెయిన్‌లో పూజకి వెళ్ళే అదృష్టం కూడా లేదు. ఆదివారం పూజ ఫోన్లో, చెవిలో ఇయర్‌ఫోన్లతో.

నన్ను కరుణించినవాడు మా ప్రొఫెసర్. ఆయన్ని నేను మనసులో ఖర్జూరాల డాక్టర్ అనుకునేవాణ్ణి. హుఫూఫ్‌లో వాళ్ళ తాతల నాటి తోట ఉంది. "వారాంతం వచ్చి మా డ్రిప్ పైపులు చూడు, మా నాన్నకి అతిథులంటే ఇష్టం" అన్నారు. ఆ తోటలో పంపులూ కాలవలూ చూసుకునేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన. అందరికీ నీళ్ళన్న. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ గదిలో అతిథులకు కాఫీ పోసేది కూడా ఆయనే. వంటింట్లో తణుకు నుంచి వచ్చిన పిన్ని. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫింజాన్ అనే పిడిలేని చిట్టి కప్పులో నీళ్ళన్న కాఫీ పోస్తూనే ఉన్నాడు, నేను మర్యాదగా తాగుతూనే ఉన్నాను. గుండె దడదడలాడుతుంటే ఆయనే జాలిపడి, "అరె తమ్మీ, సాలనుకుంటే కప్పు జర ఊపాలె. ఊపకపోతే నేను పోస్తనే ఉంట, నువ్వు తాగుతనే ఉంటవు. ఇద్దర్ల ఎవరో ఒకరం పోతం" అన్నాడు.

అసలు కథ రెండోసారి వెళ్ళినప్పటిది. అప్పటికి ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్కాలం మొదలైంది. మా అక్కకి పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండింది. డాక్టర్లు జాగ్రత్త, జాగ్రత్త అంటున్నారు. అమ్మ గుణదల మాతకు మొక్కుకుందని, ఈస్టర్ దాకా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ ముట్టరని అక్క ఫోన్లో చెప్పింది. ఇక నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదనుకున్నాను. మొక్కు ఇంటిల్లిపాదిదీ అయినప్పుడు నేనొక్కణ్ణి సౌదీలో కోడికాలు కొరికితే, అక్కకి ఏమైనా అయితే? ఎన్ని పుస్తకాలు చదివినా ఆ భయానికి మందు దొరకలేదు. హాస్టల్లో రొట్టె, పప్పు, పెరుగుతో నెట్టుకొస్తున్నాను.

ఆ శుక్రవారం మజ్లిస్‌లో ఖర్జూరాల డాక్టరు, ఆయన తండ్రి పెద్దాయన, వరసగా బాబాయిలు, గోడల చుట్టూ దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను పెద్దాయన పక్కనే కూర్చోబెట్టారు. నీళ్ళన్న నా కప్పులో కాఫీ పోస్తూ చెవి దగ్గర, "నీ అదృష్టం తమ్మీ. నీ పేరు మీదనే గొర్రెను కోసిన్రు. పెద్దాయన మంచి ముక్కలు తన చేత్తోని తీసి నీ ముంగట పెడ్తడు జూడు" అన్నాడు.

వద్దంటే నా కోసం గొర్రెను కోసిన పెద్దమనిషికి అవమానం. తింటే అమ్మ మొక్కు మట్టిపాలు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా గ్రంథాలయం నన్ను ఆదుకుంది. ఆ కిటికీ పక్క బీరువాలోనే అరేబియా యాత్ర ఒకటి చదివాను. అక్కడి ఇళ్ళలో అతిథికి ఏదైనా విన్నపం ఉంటే కాఫీ తాగకుండా కప్పు కింద పెడతాడు, అది తీరుస్తానని మాటిచ్చేదాకా ముట్టడు, అతిథి కప్పు చల్లారిపోవడం ఇంటాయనకు చిన్నతనం అని అందులో ఉంది. ఎలాంటి విన్నపమో ఆ తర్వాతి పేజీలో ఉండే ఉంటుంది. కానీ అక్కడికొచ్చేసరికి కరెంటు పోయింది, లైబ్రేరియన్ గారు తాళం వేసేశారు.

గర్వంగా గుండె నిండా గాలి పీల్చుకుని, కప్పును తివాచీ మీద పెట్టేశాను.

జపమాల లాంటి తస్బీ తిప్పుతున్న ఒక బాబాయి చెయ్యి ఆగిపోయింది. పెద్దాయన కప్పు వంక చూశారు, నా వంక చూశారు, కొడుకు వంక చూశారు. డాక్టరు గారు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో, "నీకేమైనా విన్నపం ఉందా?" అన్నారు.

"ఉంది సార్. మీ కుటుంబం పెద్దమనసు మీద ఆధారపడిన విన్నపం" అన్నాను. (ఈ వాక్యం కూడా పుస్తకంలోదే.)

"ఇది... నీ కోసమేనా?"

"నా కోసమే సార్. కానీ మా ఇంట్లోవాళ్ళందరికీ ముఖ్యం."

"మీ అమ్మగారికి తెలుసా?"

"తెలియడమేమిటి సార్, ఆవిడ రోజూ దీని కోసమే ప్రార్థన చేస్తోంది."

ఆయన ముఖంలో రంగు మారింది. తండ్రికి అరబ్బీలో చెప్పారు. బాబాయిలు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకున్నారు. "కానీ మా అమ్మాయి చదువు ఇంకా పూర్తి కాలేదు" అన్నారు డాక్టరు గారు మెల్లగా.

నాకు గొర్రెకీ అమ్మాయి చదువుకీ సంబంధం బోధపడలేదు. తన కూతురు ఒక సెమిస్టరు కోసం రోములో భవన నిర్మాణం చదువుతోందని ఆయన చెప్పినట్టు గుర్తుంది. ఎందుకైనా మంచిదని, "అదేం ఇబ్బంది కాదు సార్, ఈస్టర్ దాకా ఐతే చాలు" అన్నాను.

నీళ్ళన్న కాఫీ కూజా పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. "ఓరి నీ! ఏం జేసినవ్‌ రా తమ్మీ? ఈడ గట్ల కప్పు కింద పెడ్తే పిల్లనడుగ వచ్చినట్టురా! పెండ్లి మాట! ఆ పెద్దాయన మనవరాలిని అడిగినవ్ నువ్వు! గదీ ఈస్టర్ దాకనట!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిచాను కానీ నేర్చుకున్న భాషలన్నిటిలోంచీ ఒక్క ఇటాలియన్ రైలు వాక్యం మాత్రమే మిగిలింది. ఈలోగా కబురు ఆడవాళ్ళ వైపుకి చేరిపోయింది. తలుపు అవతల నవ్వులు, గాజుల చప్పుడు, ఆపైన పిన్ని గొంతు తెలుగులో ఖంగుమంది.

"ఏవండీ బాబూ! రోములో ఉన్న అమ్మాయిగారిని అడిగారంట కదండీ తమరు? ఆవిడ అమ్మగారితో ఫోన్లోనే ఉన్నారండి. ఉండమనమంటారా, పెట్టెయ్యమనమంటారా?"

"పిన్నీ! నాకు అమ్మాయొద్దు! నాకు మటన్ వద్దు! తపస్కాలం! మొక్కు!" అని అరిచాను.

"అయ్యబాబోయ్, అదాండీ! మరి కప్పెందుకండీ కింద పెట్టారు?" అని పిన్ని లోపలికి పరిగెత్తింది. ఆవిడ తన అరబ్బీలో ఏం చెప్పిందో, ఫోను స్పీకరు మీద డాక్టరు గారి చేతికి వచ్చింది. రోము నుంచి ఆ అమ్మాయి ముందు పడీపడీ నవ్వింది. తర్వాత తండ్రికి వివరించింది. తను అద్దెకున్న ఇంటావిడ కూడా ఈ రోజుల్లో మాంసం వండడం లేదట, ఇది వాళ్ళ నలభై రోజుల నియమమట, ఆ అబ్బాయి పాపం తిండి గురించి అడుగుతున్నాడట.

ఆ గదిలో పుట్టిన నవ్వు చెప్పలేను. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, నా కప్పు తన చేత్తో ఎత్తి అందించి, "ఇచ్చాను, తాగు" అన్నారు. మనవరాల్ని ఇవ్వనక్కర్లేదని తేలిన సంతోషంలో నా విన్నపానికి రెట్టింపు తీర్చాలనుకున్నారేమో, వెంటనే ఎవరినో కేకేసి ఖతీఫ్ నుంచి పెద్ద చేప తెమ్మన్నారు. రోములో ఇంటావిడ శుక్రవారం చేప తింటుందని మనవరాలు చెప్పిందట.

మళ్ళీ కప్పు కింద పెట్టే ధైర్యం ఎవరికుంది? నీళ్ళన్నే నా తరఫున బతిమాలాడు. చేపా వద్దా? గుడ్డు? పాలు పర్వాలేదా? కోర్టు విచారణలా సాగింది. చివరికి అందరూ పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని గొర్రె తింటుంటే, వాళ్ళ మధ్యలో నాకు విడిగా ఆ ఊళ్ళో పండే ఎర్రబియ్యం అన్నం, ఖర్జూరాలు, పిన్ని పంపిన టమోటా పచ్చడి. పెద్దాయన నన్ను జబ్బుమనిషిని చూసినట్టు చూస్తూ, ప్రతి ముద్దకీ నా పళ్ళెంలో ఇంకో ఖర్జూరం వేశారు.

ఆ తర్వాత నా వారాంతాలన్నీ హుఫూఫ్‌లోనే. తోటలో పనిచేసేవాళ్ళంతా నన్ను "అల్లుడు" అనే పిలిచేవారు. నీళ్ళన్న ఐతే కాలవ గట్టున నిలబడి, "అల్లుడుగారొచ్చిన్రు, పైపులు పక్కకు జరుపుండ్రి!" అని అరిచేవాడు. రోము అమ్మాయి కూడా తండ్రి ఫోన్లోంచి ప్రతి గురువారం నన్ను సలహా అడిగేది, ఈ వారం ఏం చూడమంటావని. ఇటలీ ముఖం చూడని కతోలికుణ్ణి, హుఫూఫ్ తోటలో పైపు మీద కూర్చుని, ఏ చర్చిలో ఎడమవైపు ఎన్నో గది చూడాలో వివరించేవాణ్ణి. ఒకసారి నేను చెప్పిన ట్రాము కోసం ఆవిడ వానలో చాలాసేపు నిలబడిందట. చివరికి ఒక ముసలాయన వచ్చి, ఆ ట్రాము తన చిన్నప్పుడే తీసేశారని చెప్పాడట. మా గ్రంథాలయం పుస్తకం ఏనాటిదో నేనెప్పుడూ చూసుకోలేదు.

ఈస్టర్ వారంలో అక్కకి పాప పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నేను తోటలోంచే అమ్మకి ఫోన్ చేసి, విన్నపం, కప్పు, గొర్రె, చేప అన్నీ చెప్పి, "చూశావా, మొక్కు ఎలా కాపాడానో!" అన్నాను.

"ఒరేయ్ నాయనా," అంది అమ్మ, "నిన్నెవరు మొక్కులో ఉండమన్నారురా? మొక్కుకున్న రోజే మాతకి చెప్పుకున్నా. 'మా పిల్లోడు పరాయి దేశంలో ఉన్నాడు, ఎవరింట ఏం పెడితే అది తినాల్సినోడు, వాణ్ణి వదిలెయ్యి తల్లీ, వాడి వంతు నేను మజ్జిగ కూడా మానేస్తా' అని. నలభై రోజులూ మజ్జిగ లేకుండా తిన్నానురా. నువ్వేమో ఖర్జూరాలు తింటా కూర్చున్నావా?"

మజ్జిగ లేకుండా మా అమ్మ ముద్ద దిగదు. ఆ మాట విన్నాక ఖర్జూర చెట్ల మధ్య నిలబడి నవ్వానో ఏడ్చానో నీళ్ళన్నకే తెలియాలి. ఎందుకంటే, "ఏమైంది అల్లుడా?" అని ఆయన తన తువ్వాలు ఇచ్చాడు. అంత చదువు చదివిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు కోపం రాదు, కాస్త ముద్దొస్తుంది.

ఇది రాయడానికి మరిచిపోయిన మాటలు ఫోన్లో గుర్తుచేసిన నీళ్ళన్నకి, తన మాటల్లో ఒక్క "అండి" కూడా తగ్గించొద్దని షరతు పెట్టిన తణుకు పిన్నికి, ఇప్పటికీ పండగకి ఖర్జూరాల డబ్బా పంపే ఖర్జూరాల డాక్టర్‌కి, వానలో నిలబెట్టినందుకు నన్ను క్షమించిన రోము అమ్మాయికి, ఈ కథకి ఇంత ప్రచారం ఇచ్చిన పెదనాన్నకి కృతజ్ఞతలు. పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన నా పళ్ళెంలో వేసిన ఖర్జూరాలకి కూడా. అందరికన్నా ఎక్కువగా, నా వంతు మానేసిన మా అమ్మకి. ఆవిడ ఈ కాగితాలు చదివించుకుని విని, "అంతా బాగానే ఉంది గానీ, ఆ రోము పిల్లకి పెళ్ళయిపోయిందంటనా?" అని అడిగింది.