చివరి వంతు వేడినీళ్లు

మా పెద్దమ్మ, అంటే మా నాన్న అన్నగారి భార్య, పోయిన వారం నిద్రలోనే కన్నుమూసింది. తెల్లారి ఆమె గది తలుపు తీసిన అమ్మ, "అక్క లేస్తలేదు" అని మెల్లగా మమ్మల్ని పిలిచింది. హన్మకొండలోని మా ఉమ్మడి ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమే.

లేచేది ముందు, స్నానం మాత్రం అందరి తర్వాత. నా చిన్నప్పుడు పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. కట్టెపేళ్లు వేసి పెద్దమ్మే రాజేసేది. బకెట్ వేడినీళ్లు పట్టుకున్నవాళ్లు బకెట్ చన్నీళ్లు తిరిగి బాయిలర్‌లో పోసి రావాలన్నది ఆమె చట్టం. మా బట్టల దుకాణం తెరవాలన్న తొందరలో మగవాళ్లు, బడి తొందరలో పిల్లలం ఆ చట్టం మరిచేవాళ్లం. చివరికి ఆమెకు అడుగున చెంబెడు మిగిలేవి.

తర్వాత పెద్ద ట్యాంకు గీజర్ వచ్చింది. అయినా అంతమందికి ఎక్కడ సరిపోతుంది? ఆమె వంతుకు నీళ్లు చల్లబడేవి. అడిగితే, "నాకేం ఫికర్ లేదు బిడ్డా, సల్లటి నీళ్లు పెయ్యికి మంచియే" అనేది. శుద్ధ అబద్ధం. చలికాలంలో మోకాళ్లు పట్టేసి ఆమె మెట్లు దిగలేకపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

నిరుడు ఆ ట్యాంకుకూ నల్లాకూ మధ్య చిన్న ఇన్‌స్టంట్ గీజర్ పెట్టించాను. పెద్దమ్మ దాన్ని అనుమానంగా చూసింది.

"గింతదాంట్ల నీళ్లు యాడ పడ్తయ్‌రా?"

"ఇది నీళ్లు దాసుకోదు పెద్దమ్మా. వచ్చినయ్ వచ్చినట్టే కాగబెడ్తది. పెద్దది అలిసిపోతే ఇది అందుకుంటది."

"అయితే నా లెక్కనే అన్నట్టు" అని నవ్వింది.

ఆ రోజు ఆమె స్నానం ఎంతకీ కాలేదు. తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "పానం లేచొచ్చింది బిడ్డా" అంది. ఆ మాట విన్నాక నాకు ఆ రోజంతా పట్టలేని సంతోషం.

పాత అలవాటు మాత్రం పోలేదు. తన స్నానం అయ్యాక బకెట్ నిండా వేడినీళ్లు పట్టి, మూత పెట్టి వచ్చేది.

"నల్లా తిప్పితే వస్తయ్ గదా, ఎవలకు పట్టినవ్?" అని ఏడిపించేవాడిని.

"ఎనక ఎవలన్న వస్తె?"

ఎవరూ వచ్చేవారు కాదు. చల్లారాక ఆ నీళ్లతోనే బట్టలు నానబెట్టేది.

పోయిన వారం ఆమెను సాగనంపి కాటి నుంచి వచ్చాక ఇంట్లో అందరం వరుసగా స్నానాలు చేశాం. చివరి వంతు నాదైంది. నీళ్లు వేడిగానే వచ్చాయి. ఈ వేడి ఆమెకు దక్కింది ఒక్క చలికాలమే అని గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఒళ్లు తుడుచుకుని తలుపు గడియ తీయబోయి ఆగాను. బకెట్ నల్లా కింద పెట్టి, నిండేదాకా నిలబడి, మూత పెట్టాను. మూత అంచు నుంచి సన్నగా ఆవిరి వస్తూనే ఉంది.