నసీమా కొట్టులో మొదటి ప్రశ్న

రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గవలసిన సందు అది. వన్ టౌన్‌లో అలాంటి సందులకు కొదవ లేదు గానీ, నసీమా కొట్టు లాంటి కొట్టు మాత్రం ఒక్కటే ఉంది. విడగొట్టిన ఓడల సామాను, వేలంలో ఎవరూ పాడుకోని సామాను, మూతపడిన కార్ఖానాల సామాను అక్కడికి చేరుతుంది. రేపు ఏమి వస్తుందో ఆమెకే తెలియదు. ఒకనాడు ఇత్తడి చట్రాల గుండ్రటి కిటికీలు, మరునాడు ఇరవై దుప్పట్లు, ఒకసారి ఏకంగా పళ్ల డాక్టరు కుర్చీ. ఒకసారి వచ్చిన వస్తువు మళ్లీ వస్తుందన్న భరోసా లేదు.

పదకొండేళ్ల కిందట భర్త సిరాజ్ చనిపోయినప్పుడు, ఆడమనిషి ఇనప సామాను ఏం అమ్ముతుందని పెదవి విరిచిన సందే ఇది. ఇవాళ ఏ పంపు ఏ ఓడదో తేలకపోతే ఆ సందంతా ఆమె గుమ్మం ముందే నిలబడుతుంది.

ఆ కొట్టుకు సర్కారు తాఖీదు ఒకటి వచ్చింది. ఉన్న ప్రతి వస్తువూ ఎలా వచ్చిందో పది రోజుల్లో కంప్యూటరు పట్టిక చూపాలి. చూపకపోతే లైసెన్సు పొడిగించరు, తలుపుకు సీలు వేస్తారు. రేవులో దొంగతనాలు పెరిగాయట. నేరం మోపినవాడే దాన్ని రుజువు చేయాలన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. ఈ సందు మలుపు తిరిగేసరికి ఆ పాఠం తలకిందులవుతుంది: దొంగలు కారని మీరే రుజువు చేసుకోండి. సముద్రం ఒడ్డున అద్దాల షోరూముల్లోనూ ఇవే ఓడ దీపాలు రంగురంగుల వెలుగుల కింద వేలాడుతుంటాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు అడిగిన తాఖీదు ఒక్కటీ లేదు. అనుమానం అద్దాలు లేని కొట్టుకే దారి వెతుక్కుంటుంది.

నసీమా తాఖీదును రెండుసార్లు చదివి, మడిచి, టిమోతికి కబురు పెట్టింది. కిరాణా కొట్లకూ మందుల షాపులకూ సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టే నలభయ్యేళ్ల మనిషి అతను. లాప్‌టాప్‌తో వచ్చి, పై అరతో మొదలుపెట్టాడు.

"ఇదేటి ఆపా?" మూడు కాళ్ల ఇనప వస్తువొకటి రెండు చేతులా ఎత్తి అడిగాడు.

"ఏటో తెల్దు."

"తెలకుండా ఎలా కొన్నారు?"

"ఎక్కడిదో తెల్సు గదా. ఏటన్నది నా దగ్గర కొనుక్కెళ్లినోడే సెప్తాడు."

చిక్కు అక్కడే వచ్చింది. అతని సాఫ్ట్‌వేర్‌లో మొదటి గడి 'వస్తువు పేరు'. అది నిండితే తప్ప రెండో గడి తెరుచుకోదు. మూడో రోజు సాయంత్రానికి టిమోతి ఒక దారి కనిపెట్టాడు: పేరు తెలియనివన్నీ 'ఇతరములు'. ఏడువందల నలభై వస్తువుల్లో ఆరువందల పన్నెండు ఇతరములయ్యాయి.

నసీమా ఆ అచ్చు కాగితాలు తిప్పి చూసింది. "ఇది సూపిత్తే, దొంగనని నానే రాసిచ్చినట్టు టిమోతీ."

"పప్పుకీ ఉప్పుకీ ఈ గొడవ లేదు ఆపా."

"నా కొట్లో పప్పూ ఉప్పూ ఎక్కడ కనబడినాయి నీకు?"

అలా అంటూనే ఆమె పై అర వైపు చూసి ఆగిపోయింది. "పీలికలేవీ?"

"ఆ మాసిపోయిన గుడ్డలా? ఫోటోలు బాగా రాటం లేదని కత్తిరించీసినాను."

ఆ కొట్టులో ఏ వస్తువు గుమ్మం దాటినా మొదటి ప్రశ్న 'ఏటిది' కాదు, 'ఎక్కడిది'. తెచ్చినవాడు నీళ్లు నమిలితే వస్తువు వచ్చిన ఆటోలోనే వెనక్కి పోతుంది. జవాబు నిలబడితే, పాత లుంగీ చింపిన పీలిక మీద ఏ ఓడ, ఎవరు తెచ్చారు, ఏ తేదీ అన్నది చెరగని సిరాతో రాసి వస్తువుకు కడుతుంది. సిరాజ్ పెట్టిన పద్ధతి అది. ఆమె ఒక్కనాడూ తప్పలేదు. తాఖీదు అడిగిన సాక్ష్యం సరిగ్గా అదే. అందులో నలభై పీలికలు ఇప్పుడు ఒక ప్లాస్టిక్ కవరులో పడి ఉన్నాయి.

విషయం అర్థమైన టిమోతి ఆ కవరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నసీమా స్టూలు లాక్కుని కూర్చుని, కవరు ఒళ్లో బోర్లించుకుంది.

"ఇది సూడు, తుప్పు మరక. గొలుసుది. ఇది నూనె కారినాది, పంపుది. దీని ముడి సన్నంగా నలిగింది, గడియారం కొక్కేనికి కట్టినాను."

బట్టలో మిగిలిన మరకనూ ముడి మడతనూ చదువుతూ, రెండు గంటల్లో ముప్పై ఎనిమిది పీలికలను వాటి వస్తువులకు తిరిగి కట్టింది. రెండు పీలికలు, రెండు ఇత్తడి దీపాలు మిగిలాయి. ఒకటి వేలంలో వచ్చింది, మరొకటి ఆనందపురంలో ఒక పాత ఇంటి నుంచి, పాత సామాను తెచ్చి అమ్మే వరహాలు తెచ్చాడు. రెండు పీలికలకూ ఒకే పచ్చటి చిలుము. వరహాలును పిలిపించారు.

అతను దీపాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కవలపిల్లలు. కన్నతల్లికే తెల్దు, నన్నడిగితే ఏటి సెప్తాను? ఏదో ఒకటి కట్టీండి ఆపా. దీపాలేటి కోర్టుకొచ్చి సాచ్చికం సెప్తాయా?"

"అవి సెప్పవు," అంది నసీమా. "సెప్పాల్సింది నాను."

టిమోతి లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. "మొదటి గడి మార్చీసి తెత్తాను ఆపా."

నాలుగు రోజులకు తెచ్చాడు. ఇప్పుడు మొదటి గడి 'ఎక్కడిది'. పేరు ఖాళీగా ఉన్నా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది. ఎక్కడిదో చెప్పకపోతే వస్తువును లోపలికి రానివ్వదు. పీలికలు చదువుతూ ఆమె, టైపు కొడుతూ అతను మూడు రోజుల్లో ముగించారు. రెండు దీపాల దగ్గర ఆమె చెప్పినట్టే కొట్టాడు: 'వీటిలో ఏది ఎక్కడిదో పీలికలు కలిసిపోయి తెలియడం లేదు. తప్పు కొట్టుది. ఇవి అమ్మకానికి కావు.'

"తప్పు నాది ఆపా. నా పేరు రాయండి."

"తాఖీదులో నీ పేరు లేదు."

పదో రోజు అధికారి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా, తనకు తోచిన వస్తువునల్లా వేలితో చూపాడు. తొమ్మిది చూపాడు. తొమ్మిదింటికీ పీలికా పట్టికా ఒకే మాట చెప్పాయి. చివరికి మూడు కాళ్ల వస్తువు దగ్గర ఆగాడు.

"ఇదేమిటి?"

"ఏటో తెల్దండి. ఎక్కడిదో అడగండి, సెప్తాను."

చెప్పింది: ఓడ, తెచ్చిన మనిషి, తేదీ. అతను పట్టిక తిరగేస్తూ దీపాల వరుస దగ్గర ఆగి చదివాడు.

"ఇది మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకు తెల్సు గదండి."

అతను పట్టిక కింద సంతకం చేశాడు. లైసెన్సు మూడేళ్లకు పొడిగించాడు. 'అనుమానించినందుకు విచారిస్తున్నాం' అనే గడి ఏ సర్కారు కాగితంలోనూ లేదు. కాబట్టి అది నింపవలసిన బాధ అతనికి తప్పింది. ఆమె ఆ మాట కోసం ఎదురుచూడనూ లేదు.

గుమ్మం దాటబోతూ అతను వెనక్కి తిరిగాడు. "ఆ దీపాల్లో ఒకటి మా హాల్లోకి బాగుంటుంది. ఎంతకిస్తారు?"

నసీమా అతని సంతకం ఉన్న కాగితాన్ని బల్లమీద అతని వైపు తిప్పి, దీపాల వరుస మీద వేలు పెట్టింది.

"అమ్మకానికి కావండి. ఇప్పుడే తమరు సదివి సంతకం పెట్టినారు."